అక్క వేసిన లీకులు

ఆ వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లుగా లిఫ్టులు బాగుచేయడమే ఆయన పని. మనిషి పొడుగు, మాట పొదుపు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి లోపల జనం తలుపులు బాదుతుంటే, బయటినుంచి "కంగారు పడకండి, వచ్చేశాను" అనేవాడు. తలుపు తెరుచుకునేదాకా ఇంకో ముక్క ఉండేది కాదు. ఆయన పొదుపు చేసిన మాటలన్నీ వాళ్లక్క ఖర్చు పెట్టేది.

అక్క ఆయనకన్నా పదకొండేళ్లు పెద్దది. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు. ముక్కు తుడవడం దగ్గర్నుంచి ఉద్యోగానికి దరఖాస్తు రాయించడం దాకా అన్నీ అక్కే చూసింది. స్కూలు వంటశాలలో పనిచేసేది. రోజూ నాలుగు వందల మంది పిల్లలకి వండి వడ్డించేది. గొంతెత్తిందంటే భోజనాల హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించాల్సిందే. బావ పెళ్లయిన ఎనిమిదేళ్లకే పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నుంచీ అక్కాతమ్ముళ్లిద్దరిదీ ఒకటే ఇల్లు. నువ్వెందుకు పెళ్లి చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఇంట్లో చీవాట్లు పెట్టేవాళ్లు ఒకరు చాలు కదా అనేవాడు లిఫ్టాయన. అది వేళాకోళమో నిజమో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఉద్యోగం అయిపోయాక అక్క పెరడు పట్టుకుంది. ఇంటి వెనక పదిహేనడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు నేల. ఎండాకాలం చిక్కుళ్లూ టమాటాలూ ఎవరైనా వేస్తారు. అక్క పట్టుదలంతా చలికాలం మీద. అందరి మళ్లూ బోడిగా పడుంటే ఈవిడ మడిలో లీకులు నిలబడి ఉండేవి. లీకు ఉల్లి జాతిదే కానీ గడ్డ కట్టదు. మణికట్టంత లావున తెల్లటి కాడ, పైన విసనకర్రలా పరుచుకున్న ముదురాకుపచ్చ ఆకులు. చలి ముదిరేకొద్దీ తియ్యనవుతుంది. పక్కింట్లో రిటైరైన పోస్టాయన ఉండేవాడు. ఏటా మొదటి కాడ పెరికినప్పుడు కంచె మీదినుంచి, "ఏమ్మా, మీ ఇంట్లో లీకులెక్కువయ్యాయట, ప్లంబర్ని పంపనా?" అనేవాడు. ముందు మీ నోటి లీకు బాగుచేయించుకోండి అని అక్కా ఏటా అదే జవాబిచ్చేది. ఇద్దరికీ విసుగన్నది లేదు.

వాటి పెంపకం చంటిపిల్లల పెంపకం లాంటిది. చలికాలం చివర్లో ట్రేలో విత్తనం చల్లితే గడ్డిపోచల్లా మొలుస్తాయి. పెన్సిలంత లావయ్యాక, విరిగిన చీపురు కర్రతో జానెడు లోతు గుంటలు పొడిచి, ఒక్కో గుంటలో ఒక్కో మొక్క జారవిడిచి, చెంబుడు నీళ్లు పోసి వదిలేయాలి. మట్టి కప్పకూడదు. నీళ్లతోపాటు దానంతటదే సర్దుకుంటుంది. ఎదిగేకొద్దీ కాడకి మన్ను ఎగదోయాలి. ఇదంతా లిఫ్టాయనకి తర్వాత తెలిసింది. ఎందుకంటే అక్క ఆయన్ని మళ్లోకి దిగనిచ్చేది కాదు. ఒకసారి పని బూట్లతో దిగి అరట్రే నారు తొక్కాడు. అప్పట్నుంచి గట్టు మీద నిలబడి చూడ్డానికి మాత్రం అనుమతి. చూసింది తక్కువ, తిన్నది ఎక్కువ.

చలి ఇంకా మొదలవ్వని ఒక పొద్దున, లిఫ్టాయన టీ కలుపుకుని, అక్క కేకలు వినపడట్లేదేమిటా అని వెనక తలుపు తీశాడు. అక్క రెండు లీకు వరసల మధ్య నేల మీద కూర్చుని ఉంది. ఒక కాలు మడత పడింది. ముఖం ఒకవైపు జారింది. అయినా ఆ ముఖంలో ఉన్నది భయం కాదు, చిరాకు. ఎవరో పని మధ్యలో అడ్డొచ్చినట్టు చూసింది. లిఫ్టాయన గట్టు దగ్గర ఆగిపోయాడు, దిగొచ్చా అని అడగబోయినట్టు. ఆ ఒక్క క్షణం ఆగినందుకు ఆయన తన్ను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

మెదడులో రక్తనాళం పూడిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. తొమ్మిదో రోజున మాట వచ్చింది. ఒక్కటే మాట. నర్సు దిండు సరిచేస్తుంటే, "వద్దు" అంది అక్క. లిఫ్టాయన సంతోషంతో వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. సాయంత్రానికి అసలు సంగతి తెలిసింది. మంచినీళ్లు కావాలా అంటే వద్దు. గ్లాసు నోటికి పెడితే గటగటా తాగేసింది. నొప్పిగా ఉందా అంటే వద్దు. నన్ను గుర్తుపట్టావా అంటే, ఎడంచేత్తో ఆయన చెంప నిమురుతూ, "వద్దు, వద్దు."

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె విడమరిచి చెప్పింది. లోపల ఆలోచన ఉంటుంది, కానీ బయటికొచ్చే దారి మూసుకుపోయింది, ఆ దారిలో ఇరుక్కున్న ఒక్క మాటే పదేపదే వస్తోంది, దానికి అర్థం వెతక్కండి అంది. రాయిస్తే సరిపోదా అని అడిగాడు లిఫ్టాయన. మాటకీ రాతకీ దారి ఒకటేనంది. మళ్లీ తెరుచుకుంటుందా అంటే, కొందరికి తెరుచుకుంటుంది, ఎవరికన్నది చెప్పలేం అంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన తెరవలేని తలుపు లేదు. ఈసారి బయట నిలబడి, వచ్చేశాను అని చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆరు వారాలకి ఇంటికి తెచ్చాడు. వెనక గదిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీ వేశాడు. పగలు చూసుకోవడానికి ఒక ఆయమ్మ కుదిరింది. అక్క ఇల్లంతా ఒకసారి కలయజూసి, కిటికీలోంచి లీకుల వైపు చూసింది, చూపు తిప్పలేదు. కాసేపటికి ఎడంచెయ్యి ఎత్తి అటు చూపించింది. "వద్దు," అంది. తర్వాత గట్టిగా, "వద్దు, వద్దు."

ఆయన బయటికెళ్లాడు. రెండు వరసల్లో అరవై రెండు మొక్కలు. ఏం చేయాలో తెలీదు. నీళ్లు పోసి కిటికీ వైపు చూశాడు. అక్క అద్దం మీద కొట్టింది. నీళ్లు ఆపాడు. మళ్లీ కొట్టింది. పార తీసుకుని కాడలకి మన్ను ఎగదోశాడు. ఇంకా గట్టిగా కొట్టింది. మడిలో మనిషి, గదిలో మనిషి, మధ్యలో అద్దం. మింగలేక కక్కలేక అన్నది లిఫ్టాయనకి అప్పుడు తెలిసొచ్చింది. అడుగుదామంటే పోస్టాయన ఊళ్లో లేడు. కూతురు పురిటికని భార్యతో వెళ్లి నెల దాటింది.

ఆదివారం అక్కని కుర్చీతో సహా పెరట్లోకి తీసుకెళ్లాడు. మెత్తటి నేలలో చక్రాలు దిగబడ్డాయి. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. అక్క ముందుకు వంగి, అందిన లీకు ఆకు ఒకటి పట్టుకుని తమ్ముడి ముక్కు ముందు పెట్టింది. ఆకు మీద తెల్లటి చుక్కలు, కుట్టుమిషను సూది దిగినట్టు వరసగా ఉన్నాయి. ఆయన చూశాడు. చూసి, ఆకు కత్తిరించమంటోంది కాబోలనుకున్నాడు. కత్తెర తెచ్చి ఆకుల కొసలన్నీ శ్రద్ధగా కత్తిరించుకుంటూ పోయాడు. నాలుగో మొక్క దగ్గర అక్క ఆయన మణికట్టు మీద చెళ్లున కొట్టింది. ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు, అగ్గిపెట్టెతో ఆడుకుంటున్నప్పుడు కొట్టింది అలా. అంత వయసొచ్చిన మనిషికీ ఆ దెబ్బకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కకీ తిరిగాయి. చివరికి చక్రాల కింద చెక్కలు పెట్టి కుర్చీని వెనక్కి లాక్కొచ్చేసరికి ఇద్దరూ బురదబురదయ్యారు.

మాట నేర్పే అమ్మాయి వారానికొకసారి ఇంటికి వచ్చేది. బొమ్మల కార్డులు చూపించి వేలితో ఎంచమనేది. లిఫ్టాయనకి అది చూసి ఒక ఆలోచన వచ్చింది. పార, చెంబు, బకెట్టు, ఎరువు సంచి, కత్తెర, చేతి తొడుగులు, చీపురు కర్ర, మట్టి, ఆకు, ఇలా తొమ్మిదింటికి ఫోటోలు తీసి, అట్టల మీద అంటించి, అక్క ముందు బల్ల మీద పరిచాడు. రాత్రి రెండో డ్యూటీ చేసొచ్చిన అలసటతోనే ఉన్నాడు కానీ, ముఖం మాత్రం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. అక్క తొమ్మిదీ చూసింది. మళ్లీ మొదట్నుంచి చూసింది. అట్టలు తిరగేసి వెనకేమైనా ఉందేమోనని కూడా చూసింది. తర్వాత ఎడంచేత్తో అన్నీ కిందికి తోసేసి కళ్లు మూసుకుంది.

ఆ అమ్మాయి ఆయన్ని వంటగదిలోకి పిలిచి మెల్లగా చెప్పింది. "మీరు బాధపడనంటే ఒక మాట. ఆవిడకి ఏం కావాలో ఒక్కోసారి ఆవిడకే తెలియకపోవచ్చు. లోపల కూడా చిక్కుపడిపోయి ఉండొచ్చు."

"మా అక్కకి తెలుసమ్మా," అన్నాడు లిఫ్టాయన. "తెలియనిది నాకే."

పోస్టాయన తిరిగొచ్చేసరికి తొలి మంచు పడింది. అప్పటికి లీకుల ఆకులు మెలికలు తిరిగి, కొన్ని కాడలు నిలువునా చీలాయి. చలికి అనుకున్నాడు లిఫ్టాయన. పోస్టాయన కంచె దాటి వచ్చి, ఒక కాడ పెరికి, జేబులో చాకుతో నిలువునా చీల్చాడు. పొరల మధ్య గోధుమరంగు గింజలు, బియ్యపు నూకలంత ఉన్నాయి. గింజలు కావవి, పురుగు గూళ్లు. చుట్టూ కాడ కుళ్లిపోయింది. ఈగ లాంటి చిన్న పురుగని, చలికి ముందు ఆకుల మీద పొడుచుకుంటూ పోయి గుడ్లు పెడుతుందని, ముందు తెల్లచుక్కలు కనపడతాయని చెప్పాడు. మందు లేదు. సన్నటి వల కప్పడమొక్కటే ఉపాయం.

"మీ అక్కయ్య ఏటా కప్పేదిగా. ఈసారి కప్పలేదా?"

లిఫ్టాయన సామాన్ల కొట్లోకి వెళ్లి వెతికాడు. పై అరలో, పాత గోనెసంచి లోపల, ఉతికి ఆరబెట్టి మడతపెట్టిన తెల్ల వల. దాన్ని నేలకి బిగించే కొక్కేలు వేరే డబ్బాలో. తొమ్మిది అట్టల్లో లేని పదో బొమ్మ అదే. ఆయన కొట్లోనే ఒక బకెట్టు బోర్లించుకుని దాని మీద కూలబడ్డాడు.

వల తీసుకెళ్లి అక్క ఒళ్లో పెట్టాడు. "అక్కా, ఇదేనా నువ్వడిగింది? ఇన్నాళ్లూ ఇదేనా?"

అక్క వలని ఎడంచేత్తో తడిమింది. అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపింది. తమ్ముడి ముఖంలోకి చూసింది. "వద్దు," అంది.

అది అవునో కాదో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, ఇంత చలిలో ఆ ఈగలు ఉండవు కూడా అన్నాడు పోస్టాయన. అయినా లిఫ్టాయన ఒక సెలవు రోజంతా మడిలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మొక్కా చూసి, పాడైనవన్నీ పెరికి సంచుల్లో కట్టి పారేశాడు. అరవై రెండింట్లో పదకొండు మిగిలాయి. వాటి మీద వల కప్పి కొక్కేలు కొట్టాడు. పురుగు కోసం కాదు, కిటికీలోంచి అక్కకి కనపడాలని. అక్క ఆరోజు అద్దం మీద కొట్టలేదు. కళ్లు తెరిచే ఉంది, చూస్తోందో లేదో మరి.

నేల గడ్డకట్టిన ఒక పొద్దున, ఇనప ముళ్లపారతో చుట్టూ పెకలించి ఒక లీకు తీశాడు. సూప్ కాయడం పోస్టాయన భార్యని అడిగి తెలుసుకున్నాడు. తరిగాడు, ఉడికించాడు, మెత్తగా చేశాడు, చెంచాతో అక్క నోటికందించాడు. నాలుగు చెంచాలు తిన్నాక అక్క ఆగింది. నాలుక చివర్నుంచి ఏదో తీసి వేలి మీద పెట్టుకుని ఆయనకి చూపించింది. ఇసుక. లీకు పొరపొరలోనూ మట్టి దాగి ఉంటుందనీ, చీల్చి కడగాలనీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాలుగు వందల మందికి వండిన మనిషికి ఇసుక పెట్టాడు. ఆయన తల దించుకున్నాడు. అక్క నవ్వింది. ముఖంలో సగమే నవ్వింది కానీ, భుజాలు కదిలేలా, చాలాసేపు నవ్వింది. ఆయమ్మ గుమ్మంలోకొచ్చి చూసి తనూ నవ్వింది. ఆ చలికాలం మొత్తంలో ఆ ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒక్కరోజే.

తర్వాత పదిరోజులకి గాలివాన వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఫోనొచ్చింది. ఒక పాత మేడలో ముసలావిడ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిందట. ఆయమ్మ నాలుగింటికి వెళ్లిపోతుంది. నాలుగున్నరకల్లా వచ్చేస్తాను, ఒక్క అరగంటే కదా అనుకున్నాడు. ఆ ముసలావిడ బయటికి రావడానికి ఐదైంది. వచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. పాపం, భయపడి ఉంది, వదిలించుకోలేకపోయాడు.

ఇంటికొచ్చేసరికి కుర్చీ ఖాళీ. వెనక తలుపు తెరిచి ఉంది. అక్క గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. నడుం దాకా లోపల, తలా భుజాలూ బయట వానలో. ఎప్పుడు లేచిందో, ఒంటికాలి మీద అంతదూరం ఎలా వెళ్లిందో దేవుడికే తెలియాలి. గాలికి వల ఊడి కంచెకి చుట్టుకుని కొట్టుకుంటోంది. దానికోసమే లేచిందేమో. తమ్ముడు రాలేదని వెతకబోయిందేమో. ఊరికే బయట గాలి కావాలనిపించిందేమో. ఆయన ఎత్తుకుని లోపలికి తెస్తుంటే, "వద్దు," అంది వణుకుతూ.

తుంటి ఎముక విరిగింది. దాని వెనకే ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. మూడు వారాలకి గండం గడిచింది కానీ, ఇక ఇంట్లో కుదరదన్నారు డాక్టరు. కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, పగలూ రాత్రీ ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇలాంటివాళ్ల కోసమే ఒక సంరక్షణ నిలయం ఉంది, అక్కడ మంచం ఖాళీ అయింది. ఉద్యోగం మానేస్తాను అన్నాడు లిఫ్టాయన. మానేసినా మీరు ఒక్కరే కదా అన్నారు డాక్టరు.

సమ్మతి రాసుకోవడానికి ఆ నిలయం ఆఫీసునుంచి ఒకావిడ కాగితాలతో వచ్చింది. మంచిమనిషే. మంచం పక్కన కుర్చీ లాక్కుని, అక్క కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అడిగింది. "అమ్మా, మీకు అక్కడికి వెళ్లడం ఇష్టమేనా?"

"వద్దు," అంది అక్క.

ఆవిడ పెన్ను ఆగిపోయింది. "వద్దంటున్నారు కదండీ."

"అన్నిటికీ అదే అంటుందండీ. దాహానికీ అదే, నన్ను చూసినా అదే."

"అంటే ఇష్టమేనా?"

లిఫ్టాయన అక్క వైపు చూశాడు. అక్క ఆయన్నే చూస్తోంది. యాభై రెండేళ్లుగా ఆయన తరఫున అన్నీ ఆవిడే చెప్పింది. స్కూల్లో పేరు, దుకాణంలో బూట్ల కొలత, డాక్టరు దగ్గర ఎక్కడ నొప్పో, అన్నీ. ఇప్పుడు ఆవిడ తరఫున ఒక్క మాట చెప్పాలి. ముందుకెళ్తే గొయ్యి, వెనక్కెళ్తే నుయ్యి.

"నాకు తెలీదండీ," అన్నాడు.

"ఎవరో ఒకరు చెప్పాలి కదండీ," అంది ఆవిడ, కసురుకోకుండానే.

లిఫ్టాయన కాగితాల వైపు తిరిగి, "వెళ్తుందని రాయండి," అన్నాడు. అక్క ఏమీ అనలేదు. ఆ ఒక్క మాట కూడా అనలేదు.

లీకులు మడిలో పది మిగిలాయి. ఆయన వాటిని పెరకలేదు. తినడానికి ఇంట్లో ఎవరున్నారు గనక. ఎండలు ముదిరాక ఒక్కొక్కటీ నడిమధ్య నుంచి పొడుగాటి కాడ తీసి, చివర బంతిలా పూత పట్టాయి. ఆ మళ్లో కొన్నేళ్లు ఉల్లి జాతి ఏదీ వేయొద్దని పోస్టాయన చెప్పాడు. లిఫ్టాయన సరేనన్నాడు. వేరే ఏదైనా వేయాలని మాత్రం ఆయనకి తోచలేదు.

అక్క ఆ నిలయంలో పద్నాలుగు నెలలు బతికింది. లిఫ్టాయన ప్రతి ఆదివారం వెళ్లేవాడు. అక్కడి వంటవాళ్లకి అక్కంటే హడల్ అని నర్సులు చెప్పేవారు. పళ్లెం ముందు పెట్టగానే ఆవిడ "వద్దు" అంటుందట, ఉప్పు ఎక్కువైందేమోనని వాళ్లు పరుగెత్తి రుచి చూసుకుంటారట. అది విని ఆయన నవ్వేవాడు. బాగానే ఉందా అని అడిగితే, బాగానే ఉన్నారండీ అనేవారు. అంతకన్నా ఎలా అడగాలో ఆయనకి తెలిసేది కాదు.

ఆ గదికి ఒకే ఒక కిటికీ. బయట కార్లు నిలిపే చోటు, దానవతల గోడ. తిరిగొచ్చేముందు అక్క కుర్చీని కిటికీ వైపు తిప్పి ఉంచాలో, గదిలో మనుషుల వైపు తిప్పి ఉంచాలో ఆయన ప్రతిసారీ అడిగేవాడు. అక్క ప్రతిసారీ జవాబిచ్చేది. ఆయన కాసేపు కుర్చీ పిడులు పట్టుకుని నిలబడి, ఒక వారం అటూ, ఒక వారం ఇటూ తిప్పి వచ్చేవాడు.